వంకలో అరవై అడుగుల రోడ్డు

ఏడో తరగతి పరీక్షలో ఇండియా పటమిచ్చి మన జిల్లా యాడుందో గుర్తు పెట్టమన్నారు. నేను పెట్టినాను. అయ్యవారు నా పేపరు ఎత్తి పట్టుకొని క్లాసంతా తిప్పి చూపించినాడు. అనంతపురం పోయి బంగాళాఖాతంలో పడింది. "శబాష్‌రా," అన్నాడు, "ఈ జిల్లాకు నీళ్లు తెస్తామని ఓట్లడిగినోళ్లు ఎంతమందో. తెచ్చినోడివి నువ్వొక్కడివే." క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వినాను. తర్వాత ఆయన బెత్తం తీసినాడు. అప్పుడు క్లాసు మాత్రమే నవ్వింది. నా చదువు అంతటితో సరి. మా నాయన నా పుస్తకాల సంచిలో పుస్తకాలు తీసేసి సద్దిమూట పెట్టి, గొర్రెల ఎంబడి తోలినాడు. గొర్రెలకు పటాలతో పనిలేదు. వాటికీ నాకూ బాగానే కుదిరింది.

మా ఊరు రాప్తాడు పక్క, టౌనుకు బాగా దగ్గర. టౌన్లో పెండ్లయితే బ్యాండు మాకు వినపడుతుంది, భోజనం మాత్రం అందదు. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచి టౌనుకూ మాకూ చుట్టరికం అట్లాంటిదే. మొదట మా మేతబీడు పోయింది. ఊరి గొర్రెలన్నీ మేసే నేల, గుట్టవారన ఉండేది. ఒకరోజు ఆఫీసోళ్లు జీపులో వచ్చి, కిందికి గూడ దిగకుండా చూసి, "ఖాళీ స్థలం" అని రాసుకొని పోయినారు. వాళ్లు రాసుకునేటప్పుడు మా మంద అందులోనే మేస్తాంది. ఒక గొర్రె జీపు చక్రం పక్కన నిలబడి వాళ్లనే చూస్తాంది. అయినా ఖాళీనే.

కొన్నాళ్లకు టౌను చెత్తంతా ట్రాక్టర్లలో వచ్చి ఆడ పడడం మొదలైంది. మందలో గొర్రెలకూ మేకలకూ బీడు పోయిన సంగతి ఎవరు చెప్తారు? అలవాటు చొప్పున ఆడికే పోయి, దొరికింది మేసినాయి. ఒక పండక్కి మా మేకపోతును కోస్తే కడుపులో నుంచి పాలపాకెట్టు బయటపడింది. కడిగితే దానిమీద అక్షరాలు గూడ చదవొచ్చు. "చూడండప్పా, పాకెట్టుతో సహా పాలిచ్చే పోతు మా ఇంట్లోనే ఉండాది" అని వీధంతా తిప్పి చూపించినాను. అందరూ పడీపడీ నవ్వినారు. మా నాయన ఆ పొద్దు మాంసం ముట్టలేదు. మరుసటేడు మందలో సగం చచ్చినాయి, మిగతావి ఆయన అమ్మేసినాడు.

ఆ తర్వాత హైవే వెడల్పు చేసినారు. దాంట్లో మా పెద్దనాయన బావి పోయింది. కరువులో ఎండి ఉన్న బావి. కొలతకొచ్చిన ఆయన లోపలికి తొంగిచూసి, "నీళ్లు లేవు కదా, దీన్ని బావి అనకూడదు, గుంత అనాలి" అని గుంత అనే రాసినాడు. మా పెద్దనాయన చేతుల్తో తవ్వుకున్న బావి అది. ఆయన ఇంటికొచ్చి మంచమెక్కినాడు. నేను ఊరుకోకుండా, "పెద్దనాయనా, నీ తలమీద జుట్టు లేదు గదా, దాన్ని తల అంటారా, గుండు అంటారా, ఆఫీసులో అడుగుదాం పా" అన్నాను. ఆయన నా మొకాన చెంబు విసిరినాడు. అట్లాంటి నోరు నాది.

మంద పోయినాక నాకు ఆ నోటితోనే కూలి దొరికింది. టౌను మా పక్కకు జరిగే కొద్దీ భూమి కొలిచేవాళ్లు ఎక్కువైనారు. వాళ్లకు ఎర్రచారల కర్ర పట్టుకొని ఎండలో నిలబడే మనిషి కావాల. ఏ సేను ఎవరిది, హద్దురాయి యాడ పూడిపోయింది, ఎవరింట్లో కుక్క కరుస్తాది, అన్నీ నాకు తెలుసు. కర్ర పట్టుకొని నిలబడి ఎకసెక్కాలాడుతూంటే వాళ్లకూ పొద్దు పోయేది. మా ఊరి సేన్లు ఒక్కొక్కటే వెంచర్లయినాయి. శెనక్కాయ పీకిన నేలలో సిమెంటు కూసాలు మొలిచినాయి. రంగురంగుల జండాలు, ఒక స్వాగత ద్వారం, దాని ఎనకాల ముండ్లకంప. ఇల్లు ఒక్కటీ లేదు. ఆ ప్లాట్లు కొన్నోళ్లు ఎవరో, యాడ ఉంటారో, ఇప్పటికీ మాకు తెలీదు. నేను పాతిన రాళ్లు ఎన్నో. ఒక్కో రాయికీ నా కూలి నాకొచ్చింది గాబట్టి నేను ఎవరినీ తిట్టే జాగాలో లేను.

ఇక వంక సంగతి. మా ఊరికీ పడమటి సేన్లకూ మధ్యలో ఒక వంక ఉండాది. అందులో నీళ్లు పారడం మేమంతా వేళ్లమీద లెక్కపెట్టుకున్నాం. మిగతా కాలమంతా ఇసుక. మా ఊర్లో సేన్లకు పోవాలంటే అదే దోవ. బండ్లు అందులోనే పోతాయి, గొర్రెలు అందులోనే పోతాయి, పెండ్లికొడుకూ అందులోనే వస్తాడు, పీనుగా అందులోనే పోతుంది. ఎవరన్నా కొత్తోళ్లు దోవ అడిగితే "వంకలో పోప్పా" అంటాం. వేరే ప్రాంతంలో ఆ మాటంటే కొట్టడానికొస్తారేమో. మాకు నీళ్లు లేని వంక రోడ్డు, నీళ్లొస్తే మాత్రం వంక. రెండూ ఒకేసారి ఎవరికీ అవసరం పడలేదు.

మా అక్క సేను ఆ వంక గట్టునే ఉండాది. రెండెకరాలు. మా నాయన ఆమెకు పసుపు కుంకుమ కింద ఇచ్చిన నేల. దాంట్లో శెనక్కాయ ఏస్తాది, కంది ఏస్తాది, వాన రాకపోతే వాటిని మేకలకేస్తాది. మా బావ బెంగళూరులో సెంట్రింగు పని. కూతుర్లిద్దరూ పెండ్లిండ్లయి అత్తగారిండ్లకు పోయినారు. అక్కకు ఆ సేనూ, నాలుగు మేకలూ, ఊర్లో మరుదులతో ఉమ్మడిగా ఉన్న మట్టిమిద్దెలో ఒక వసారా. వంక ఇసుకలో గుంత తవ్వితే ఊరే చెలమనీళ్లు గిన్నెతో తోడి బిందెకు పోసుకుంటాది. ఆ ఇసుక గూడ ఆమెను ఎరుగును.

అప్పుడు వచ్చినాడు ఆ అబ్బాయి. మెడలో కార్డు, నెత్తిన టోపీ, చేతిలో పలకంత ట్యాబు. టౌనుకు కొత్తగా మాస్టర్ ప్లాన్ తయారవుతోందంట. చుట్టుపక్కల పల్లెలన్నీ దాంట్లో కలుపుతారంట. రోడ్లన్నీ ఎక్కించమని ఏదో కంపెనీ ఈ అబ్బాయిని పంపింది. గుంటూరు పక్క మనిషి, ప్రతి మాటకూ "అండీ" తగిలిస్తాడు. నాకు ఆ పొద్దు అతని ఎంబడి తిరిగే కూలి.

వంక కాడికి వచ్చినాక ట్యాబులో చూసుకొని, "ఇది శాటిలైట్‌లో తెల్లగా కనిపిస్తోందండీ, రోడ్డేనా?" అన్నాడు.

గట్టుమీద బీడీలు తాగతా నలుగురైదుగురు కూర్చున్నారు. నాకు జనం కనపడితే నోరు నిలవదు.

"రోడ్డేంది సార్," అన్నాను, "రాజవీధి! కిష్ణదేవరాయలు పెనుకొండకు ఏనుగుల మీద పోయింది ఇందులోనే. చూడండి, ఎంత మెత్తగా ఉండాదో. స్పీడు బ్రేకరు ఒక్కటి లేదు."

గట్టుమీదోళ్లు బీడీలు పక్కన పెట్టి నవ్వినారు.

"వెడల్పు ఎంతుంటుందండీ?"

"అరవై అడుగులు. కావాలంటే ఇంకో ఏనుగు పట్టేంత ఏసుకోండి."

అతను నవ్వకుండా ట్యాబులో వేలితో నొక్కినాడు. కింద చెలమ కాడ మా అక్క నీళ్లు తోడుకుంటాంది. తలెత్తి, "రేయ్, ఊరికే ఉండ్రా," అనింది. "ఆ అబ్బోడు రాసుకుంటాండాడు."

"రాసుకోనీలే అక్కా. నీ సేను మెయిన్ రోడ్డు పక్కకొస్తాది. దోసెల హోటలు పెట్టుకుందువు. మొదటి దోసె నాకు."

మళ్లీ నవ్వులు. అబ్బాయి "మీ పేరండీ?" అన్నాడు. ఇంటిపేరుతో సహా చెప్పినాను. జీవితంలో మొదటిసారి ఒక ఆఫీసోడు నా పేరు అడిగి రాసుకున్నాడని నాకు గర్వంగా గూడ ఉండింది.

కొంతకాలానికి ఆ ప్లాన్ టౌన్లో ఒక ఆఫీసు గోడమీద అంటించినారు. ఎవరికన్నా అభ్యంతరాలుంటే గడువులోగా రాసివ్వమని పక్కన ఒక కాగితం. నేను అక్క మేకపిల్లను అమ్మడానికి సంతకు పోయి, దోవలో చూసినాను. గోడంత పటం. ఇండ్లకు పసుపు, అంగళ్లకు ఎరుపు, సేద్యానికి ఆకుపచ్చ. మా సేన్లు అంత ఆకుపచ్చగా ఉండడం నేను ఆ గోడమీదే మొదటిసారి చూసినాను. ఊరు యాడుందో నాకు దొరకలేదు. ఆఫీసు అటెండరు వేలు పెట్టి చూపించినాడు. చీమంత చుక్క. ఆ చుక్క పక్కనుంచి నల్లగా, లావుగా, రెండు గీతలు పోతాండాయి. దానిమీద అంకె చదివితే అరవై.

నేను ఆ ఆఫీసు వరండాలోనే నవ్వినాను. ఊరికొచ్చి టీ అంగడి కాడ బెంచీ ఎక్కి చెప్పినాను. "అప్పా, పటంలో మన వంక మీద రోడ్డేయించినోడు ఎవరనుకుంటాండారు?" ఆ దినం నుంచి నా పేరు ఇంజనీరు. "ఏమి ఇంజనీరూ, రోడ్డెప్పుడు?" అని పిలిచి టీ ఇప్పించేవాళ్లు. ఏడాది పొడవునా ఆ రోడ్డు మీద టీలు తాగినాను.

అక్క మాత్రం ఒకసారి నన్ను ఇంటికి పిలిచి సంగటి పెట్టి, "అది వంకని పోయి చెప్పిరాపోరా, గడువుందంట గదా," అనింది.

"అక్కా, వాళ్లు గీసిన గీతలన్నీ రోడ్లయి ఉంటే మన ఊరికి ఈపాటికి విమానం దిగుండేది. తిను ముందు."

"నేను తినేది గాదు. నువ్వు పోతావా పోవా?"

పోతానన్నాను. పోలేదు. దానికి కారణం చెప్పాలంటే ఏమీ లేదు. ఆ పటాన్ని మార్పిస్తే నా కథ పోతుంది. అంతకు మించి ఇంకేమీ లేదు.

మరుసటేడు, ఎప్పుడూ రాని వాన రెండు దినాలు వరసగా పట్టింది. అక్క ఉండే మట్టిమిద్దె తడిసి సాయంత్రం పూట కూలింది. ఆ సమయానికి ఆమె మేకను విప్పడానికి బయట ఉండాది గాబట్టి బతికింది. సామాన్లూ, విత్తనపు కాయలూ, అన్నీ మట్టి కింద. మరుదులు వాళ్ల భాగం కప్పుకొని, ఆమె భాగం అట్లే వదిలేసినారు. గోడ జరిపేదానికి గూడ ఒప్పుకోలేదు. ఎట్లనో ఆమెకు గవర్నమెంటు ఇల్లు మంజూరైంది. జాగా ఉంటేనే కట్టిస్తారు. ఆమెకున్న జాగా అంటే ఆ సేనే. సేన్లో వంక గట్టు పక్కన ఒక మూల ఎత్తుగా, బండరాళ్లతో, పంట రాని జాగా ఉండాది. ఆడ కట్టుకుంటాననింది.

మా బావ సెలవు పెట్టి వచ్చినాడు. రెండు దినాలు పునాది తవ్వినాడు, రాళ్లు పేర్చినాడు. అక్క చెలమనీళ్లు మోసింది. నేను నీడలో కూర్చొని సలహాలిచ్చినాను. నాలుగో దినం ఇండ్ల పని చూసే ఉద్యోగి పునాదికి ఫోటో తీసేదానికి వచ్చినాడు. ఫోటో తీసినాడు, ఫోనులో ఏదో నొక్కినాడు, మళ్లీ నొక్కినాడు. "ఇది రోడ్డులో వస్తోంది," అన్నాడు. "మాస్టర్ ప్లాన్ రోడ్డు. అరవై అడుగులకు మీ పునాది లోపల ఉంది. బిల్లు పడదు, కట్టినా కొట్టేస్తారు."

మా బావ పార కింద పెట్టి వంకలోకి చూసినాడు. వంకలో రెండు గాడిదలు నిలబడుండాయి.

నేను ఊరుకోవాల్సింది. "ఏం బావా," అన్నాను, "బెంగళూరులో ముప్పై అంతస్తులు లేపినోడివి, ఈడ పునాది దాటలేకపోతివే!"

ఆయన నా పక్క చూడను గూడ చూడలేదు. చేతులు కడుక్కొని ఆ సాయంత్రం బస్సుకే పోయినాడు. అక్క ఆ పునాదిలోనే నాలుగు కట్టెలు నిలబెట్టి ప్లాస్టిక్ పట్ట కప్పుకొనింది.

తర్వాత ఆఫీసులు. అక్కకు తోడుగా నేనే పోయినాను, నాకు దోవ తెలుసు గాబట్టి. ప్లాన్లు చూసే ఆఫీసర్ ఒక ఆడమనిషి, మంచి మనిషి. మమ్మల్ని కుర్చీల్లో కూర్చోబెట్టింది, మంచినీళ్లు ఇప్పించింది. అక్క నిలబడే ఉంటాననింది. ఆమె "పర్లేదమ్మా కూర్చోండి" అని పట్టుబట్టి కూర్చోబెట్టింది. కోసేముందు కోడికి నీళ్లు తాపిస్తారు చూడండి, అట్లా ఉండింది నాకు.

"అది రోడ్డు గాదమ్మా, వంక," అనింది అక్క.

ఆమె కంప్యూటరులో చూసింది. "ప్లాన్‌లో అరవై అడుగుల రోడ్డు ఉందమ్మా."

"రోడ్డని ఎవరు చెప్పినారు?"

"ఫీల్డ్ సర్వేలో ఉంది. స్థానికులు చెప్పిన ప్రకారం అని. పేరు కూడా ఉంది, చదవమంటారా?"

నేను పైకి చూసినాను. ఫ్యానుకు మూడు రెక్కలు. ఒక రెక్కమీద దుమ్ము తక్కువుండాది. ఎందుకో ఇప్పటికీ గుర్తుంది.

"వద్దులేమ్మా," అనింది అక్క.

అభ్యంతరాల గడువు ఎప్పుడో అయిపోయింది. అయినా ఆ ఆఫీసరమ్మ దారి చూపించింది. రెవెన్యూ ఆఫీసులో పాత పటం ఉంటుంది, అందులో వంక అని ఉంటే నకలు తీసుకురండి, పైకి రాస్తాను, అనింది. ఆ నకలు కోసం ఎన్నిసార్లు తిరిగినామో చెప్పను, మీకు విసుగు. దొరికింది. గుడ్డమీద అంటించిన పాత పటం, అంచులు ఎలుకలు కొరికినాయి. అయినా వంక మాత్రం చెక్కు చెదరకుండా ఉండాది. పాము పోయినట్లు మెలికలు తిరిగి, పక్కన తెలుగులో 'వంక' అని రాసి ఉండాది. అక్కకు చదువు రాదు. ఆ అక్షరాల మీద వేలు పెట్టమని నా చేత పెట్టించుకొని, తన వేలు గూడ పెట్టింది. ఆ దినం బస్సులో నాకూ టికెట్టు ఆమే నవ్వుతా తీసింది. శెనక్కాయ పంట వచ్చినప్పుడు గూడ ఆమె అట్లా నవ్వింది నేను చూడలేదు.

ఆఫీసరమ్మ ఆ నకలు జాగ్రత్తగా చూసింది. "కరెక్టేనమ్మా. ఇది వాగే. రోడ్డు అని పడటం పొరపాటు," అనింది.

"అయితే కట్టుకోవచ్చునా?"

"వాగు గట్టు నుంచి ఇంత దూరం లోపల ఏ కట్టడమూ ఉండకూడదమ్మా. రూలు. వరదొస్తే ప్రమాదం కదా. మీ మంచికే."

అక్క బల్లమీది నకలు తీసి మడిచింది. తర్వాత నెమ్మదిగా అడిగింది. "రోడ్డయితే నా ఇల్లు రోడ్డులో ఉండాది. వంకయితే వంకలో ఉండాది. అంతేనా?"

"అవునమ్మా."

"మరి నా సేన్లో ఎప్పుడుంటాదమ్మా అది?"

ఆఫీసరమ్మ గ్లాసు ఎత్తి నీళ్లు తాగింది. అక్క ఇంకొకటి అడిగింది. ఎదురుగట్టున కొత్తగా వెంచర్ వేస్తాండారు, రాళ్లు పాతినారు, గేటు పెట్టినారు, వాళ్లకెట్లా ఒప్పుకున్నారని. వాళ్లది గూడ అదే వంక, అదే గట్టు.

ఆఫీసరమ్మ మళ్లీ కంప్యూటరు చూసి, "ఆ లేఅవుట్‌కు అప్రోచ్ రోడ్డు, అంటే లోపలికి వెళ్లే దారి, ఉందమ్మా, అందుకని పర్మిషన్ వచ్చింది," అనింది.

"ఏ రోడ్డు?"

"అదేనమ్మా, ప్లాన్‌లో ఉన్న అరవై అడుగుల రోడ్డు."

"ఇప్పుడే గదమ్మా పొరపాటంటివి?"

"మార్చేంతవరకూ ప్లాన్ ప్లానే కదమ్మా. వాళ్లకు అప్పటికే ఇచ్చేశారు."

బయటికొచ్చినాక నేను తిట్టు కోసం ఎదురు చూసినాను. రోడ్డుమీదే చెప్పుతో కొట్టినా పడేవాడిని. ఆమె బస్టాండు కాడ నాకు పొట్లంలో మిరపకాయ బజ్జీలు కొనిచ్చింది, తను తినలేదు. ఆ బజ్జీలు నాకు తినబుద్ధి కాలేదు. కానీ తిన్నాను. పారేస్తే ఆమె చూస్తుందని.

ఆ వేసవిలో వెంచర్ ఆసామి టిప్పర్లతో ఎర్రమన్ను తెచ్చి వంకలో పోయించినాడు. ఇసుక మీద మన్ను, మన్ను మీద కంకర. వాళ్ల గట్టున ఎత్తుగా గోడ కట్టినారు. మా పక్కన ఏమీ కట్టలేదు. ఒక బోర్డు పెట్టినారు, దానిమీద చెట్లు, కారు, నవ్వే కుటుంబం. అక్క చెలమ ఆ మన్ను కిందికి పోయింది. ఆమె నీళ్లకు వెంచర్ గేటు కాడ ట్యాంకరు కోసం నిలబడడం మొదలుపెట్టింది. ఆ మన్ను చదును చేసే చోట కర్ర పట్టుకోమని నన్ను పిలిచినారు. పోయినాను. ఆ పని ఇంకెవరికన్నా ఇస్తారు గదా అని నాకు నేను చెప్పుకున్నాను.

ఆ ఏడు వాన మంచిగా కురిసింది. మా దిక్కు అట్లా అంటారు. వంకలోకి నీళ్లొచ్చినాయి, వాటి జాగాలో మన్నుండాది. ఎదురుగట్టున గోడుండాది. నీళ్లు మూడో పక్క వెతుక్కున్నాయి. అక్క సేన్లో పడి పారినాయి. పునాదిలో పేర్చిన రాళ్లు దొర్లుకుంటా పోయినాయి. పైన కప్పిన పట్ట, కట్టెలూ పోయినాయి. సేను మీద మన్నంతా పోయి అడుగున తెల్లటి సున్నపురాయి తేలింది. ఆ నేలలో ఇంక శెనక్కాయ గాదు గదా, గడ్డి గూడ రాదు. ఆమె ముందురోజే మేకల్ని తోలుకొని బడి వరండాలో పడుకోబట్టి ప్రాణం మిగిలింది. మంజూరైన ఇల్లు గడువులోగా కట్టలేదని రద్దు చేసినారు. వెంచర్‌కు ఏమీ కాలేదు. వాళ్ల గోడ గట్టిది. రోడ్డు మీద మన్ను కొంచెం కొట్టుకుపోతే మళ్లీ పోసుకున్నారు.

వెంచర్లో పదోవంతు జాగా పార్కు కింద వదలాలని రూలుంటుంది. వాళ్లు వదిలినారు, ఒక మూలన, గుంతలో. నాలుగు క్రోటన్ మొక్కలు పెట్టి, వాటికి నీళ్లు పట్టడానికి మనిషిని పెట్టుకున్నారు. ఆ మనిషి మా అక్క. గేటు పక్కన వాచ్‌మన్ రేకుల గదిలో ఉండమన్నారు, ప్లాట్లన్నీ అమ్ముడుపోయేదాకా. గది కిటికీలోంచి చూస్తే ఎదురుగా తెల్లగా ఎండిన ఆమె సేను.

మొన్న అటుపక్క పోతా ఆగినాను. ఆమె పైపు పట్టుకొని మొక్కలకు నీళ్లు పడుతూంది. నా నోరు ఎప్పటి నోరే. "ఏమక్కా," అన్నాను, "ఇల్లు అడిగితే పార్కే ఇచ్చినారే నీకు!"

ఆమె పైపు పక్క మొక్కకు తిప్పింది. అప్పుడు నాకు కడుపులో ఉన్నది బయటికొచ్చింది. ఆమెకు తెలిసిందే అయినా ఇన్నాళ్లూ నేను ఒప్పుకోనిది. ఆ పొద్దు వంకలో నేను వాగిన వాగుడు, ఆ అరవై అడుగులు, అభ్యంతరం రాయకపోవడం, అన్నీ. "నా నోటివల్లే నీ ఇల్లు పోయిందక్కా," అన్నాను. "నవ్వులాటకు చెప్పిన మాట, వాళ్లు నిజమని రాసుకున్నారు."

అక్క పైపు కింద పడేసి నడుముమీద చేయి పెట్టి నన్ను నిండుగా చూసింది.

"నువ్వు రోడ్డని చెప్పకముందే ఈ వెంచర్ ఆయప్ప వంకలో ఈ గట్టు నుంచి ఆ గట్టుకు అడుగులేసి కొలుచుకొని పోయినాడురా. చెలమ కాడ కూర్చొని నేను చూస్తాండా. నీ మాట మన ఊర్లో కుక్క గూడ వినదు. టౌనోళ్లు విన్నారంటే, వాళ్లకు కావాల్సిన మాట నీ నోట్లో దొరికింది, అంతే. పెద్ద ఇంజనీరు బయల్దేరినాడు! జరుగు, పైపు తొక్కుతాండావు."